ఆపిన ప్రతిసారీ అపస్వరం

షుబ్రా పేటలో జరిగే వీధి పెళ్లిళ్లలో కీబోర్డు వాయించే వగ్దీకి కోపం కొత్త కాదు. కానీ ఆ వారం టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడికి కూడా పెళ్లాం రావియా మీద విరుచుకుపడుతున్నాడు.

అంతకుముందు పెళ్లిలో గాయని సొహేర్ అందరి ముందూ కడిగేసింది. "నేను బయాతీ రాగంలో పాడుతుంటే నువ్వెక్కడో పారిస్‌లో వాయిస్తున్నావేంట్రా? గురువారం బూలాక్‌లో మా చెల్లెలి కూతురి పెళ్లి. అక్కడా ఇదే పీకులాట పెట్టావో, పాటలన్నీ ఫ్లాష్ డ్రైవులో వేసుకుని తిరుగుతా. అది సిగరెట్లడగదు, మొహం మాడ్చుకోదు."

తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేనప్పటి నుంచి వగ్దీ ఆమె వెనకే వాయిస్తున్నాడు. ఇంకెవరి వెనకా వాయించడం రాదు, వాయించాలనీ లేదు.

పాత కీబోర్డు పోతే ఈమధ్యే కొత్త సరంజామా కొన్నాడు. మెట్లు, మీటలు ఉండి తనకంటూ గొంతు లేని కంట్రోలరు ఒకటి, పలికే సౌండు పెట్టె ఒకటి, రెంటికీ మధ్య ఒక తీగ. ఈ మెట్టు నొక్కాను, ఇంత గట్టిగా నొక్కాను అని కంట్రోలరు మిడి సందేశాలు పంపుతుంది, పెట్టె పలుకుతుంది. బయాతీలో రెండు మెట్లకీ మధ్య నలిగే స్వరం ఒకటుంది. దానికో మీట. మీట వేస్తే ఆకుపచ్చ దీపం వెలుగుతుంది, ఆ స్వరాన్ని పావు వంతు దించమని పెట్టెకి కబురు పోతుంది. వగ్దీ వాళ్ల నాన్న అకార్డియన్‌లో రేకుల్ని ఆకురాయితో గీసి ఆ స్వరం తెచ్చుకునేవాడు. ఒకసారి గీస్తే చచ్చేదాకా అక్కడే ఉండేది. వగ్దీకి ఇప్పుడా ఆకురాయి మీద అసూయగా ఉంది.

ఎందుకంటే దీపం వెలుగుతూనే ఉంటుంది, స్వరం మాత్రం పాట మధ్యలో ఎగిరిపోతుంది.

ముందు తీగ మార్చాడు. తర్వాత పెట్టెని తిట్టాడు. ఆ తర్వాత కంట్రోలరులో వడపోత ఉందని కనిపెట్టి, మెట్ల సందేశాలు తప్ప అన్నిటికీ తలుపు మూసేశాడు. దాంతో పావు స్వరం అసలుకే రాలేదు, కాలి కింద పెడలూ చచ్చింది. మేజా మీద గుద్దాడు. పక్క గదిలోంచి రావియా, "హనా వాళ్ల నాన్నా, విరగ్గొట్టేదుంటే నీ తల విరగ్గొట్టుకో, మేజా నాది" అంది.

తలుపులన్నీ మళ్లీ తీశాడు. తీగలో పోయే ప్రతి సందేశాన్నీ వరసకట్టి చూపించే ప్రోగ్రాము లాప్‌టాప్‌లో వేశాడు. సొహేర్ పాట మొదటినుంచి చివరిదాకా వాయించాడు. తెర మీద వరసలు చీమల్లా పాకాయి. ఒక్క తప్పు లేదు. మళ్లీ వాయించాడు. అమృతంలా ఉంది. ఇంట్లో బాగుండి పెళ్లిలో చెడేదాన్ని ఏం చేయాలి? పెళ్లివాళ్లందర్నీ ఇంటికి పిలవాలా?

బుధవారం మధ్యాహ్నం ఫర్గలీ వచ్చాడు. పెళ్లిళ్లలో కానుక చదివించినవాళ్ల పేర్లు మైకులో అరిచేది అతనే. కానుక వచ్చిందంటే పాట ఎక్కడున్నా ఆగాల్సిందే. పేరు, సలాములు, పొగడ్తలు అయ్యాక ఆగినచోటి నుంచే అందుకోవాలి. మామూలు మాట కూడా అతను మైకులోలాగే మాట్లాడతాడు.

"సొహేరక్క ఆ ఫ్లాష్ కొనేసింది తమ్ముడూ. ఎర్రది. చూడ్డానికి ముచ్చటగా ఉంది."

"నోర్మూసుకుని కూర్చో అన్నా. విను." వగ్దీ పాట ఎత్తుకున్నాడు.

ఫర్గలీ కాసేపు విన్నాడు. ఊరుకుంటే అతను ఫర్గలీ ఎందుకవుతాడు? చెయ్యి పైకెత్తి గొంతు చించుకున్నాడు. "ఆపూ! మూడో అంతస్తు మహారాణి, మొలోఖియా ఆకుకూర వండటంలో మొనగత్తె, మా రావియా చెల్లికి సలామ్!"

"నీ సలాము తగలెయ్య, అన్నం మాడుతోంది!" అంది రావియా లోపల్నుంచి.

ఫర్గలీ చెయ్యి లేవడమే తడవు వగ్దీ వేలు ఎర్ర బొత్తాం మీద పడింది. చప్పుడు ఠక్కున తెగడానికి పాత కీబోర్డు మీద అదే నొక్కేవాడు, కొత్తదాని మీదా అదే నొక్కుతున్నాడు. ఫర్గలీ చెయ్యి దించగానే పాట అందుకున్నాడు. అపస్వరం! దీపం వెలుగుతూనే ఉంది.

వగ్దీ లాప్‌టాప్ మీదికి వంగాడు. బొత్తాం నొక్కినచోట రెండు వరసలున్నాయి. ఒకటి, మోగుతున్నవన్నీ ఆగాలని. రెండోది, పెట్టె కొన్ననాటి స్థితికి పోవాలని. పెట్టె బుద్ధిగా పోయింది, పోతూ పోతూ పావు స్వరాన్ని మర్చిపోయింది. కంట్రోలరేమో తన దీపం తను వెలిగించుకుని కూర్చుంది.

"ఎవడు చెప్పాడే నీకు? ఆపమంటే ఆపు. పుట్టుక దాకా ఎందుకు పోతావే?" అని కంట్రోలరు మీద అరిచాడు.

"నన్నా?" అన్నాడు ఫర్గలీ.

"నిన్ను కూడా! పాటని బతకనివ్వవు కదా నువ్వు!"

ఈసారి వడపోతలో ఆ రెండో సందేశానికొక్కదానికే తలుపు మూశాడు. "ఇంకోసారి ఆపించు" అన్నాడు. ఫర్గలీ సంతోషంగా మేడలో అందరి పేర్లూ అరిచాడు. ప్రతిసారీ పాట ఆగింది, ప్రతిసారీ స్వరం చోటు తప్పకుండా తిరిగొచ్చింది. కింది అంతస్తువాళ్లు ఎవరి పెళ్లని అడగడానికి పైకొచ్చారు.

గురువారం బూలాక్‌లో చుట్టాలు విరగబడ్డారు. బయాతీ పాట పల్లవి దాటేలోపే ఫర్గలీ ఎన్నిసార్లు చెయ్యెత్తాడో. చెయ్యి లేచినప్పుడల్లా వగ్దీ పళ్లు కొరుక్కుంటూ బొత్తాం నొక్కాడు, చెయ్యి దిగినప్పుడల్లా మెట్ల మీదికి దూకాడు. సొహేర్ గొంతు పావు స్వరం మీద వాలేసరికి పెట్టె అక్కడే ఉంది. ఆమె కళ్లు మూసుకుని పాడుతూ పోయింది. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు.

పాటయ్యాక వగ్దీ చెమట తుడుచుకుని ఆమె దగ్గరికెళ్లాడు. "ఎలా ఉందక్కా?"

"ఏది?"

"బయాతీ! స్వరం!"

"స్వరానికేమైంది? దాని మానాన అది ఉంది. నీ పెట్టెలో ఆ మిజ్మార్ సన్నాయి మోత కాస్త తగ్గించు, నా చెవులు పోతున్నాయి." ఆమె నీళ్లు తాగి గ్లాసు అతని చేతిలో పెట్టింది. "వచ్చే గురువారం ఇంబాబాలో పెళ్లి. పెందరాళే తగలడు. ఆ చొక్కా మాత్రం వెయ్యకు."

వగ్దీ గ్లాసు కింద పెట్టబోయాడు. ఈలోగా ఫర్గలీ మైకులో అతని పేరు పెట్టి అరుస్తున్నాడు. తర్వాతి పాట మొదలుపెట్టాలి.