ఆరు అరించుల బ్లౌజ్

కొత్తగా అక్షరాలు వచ్చిన మనిషిని ఆపడం ఎవరి తరం కాదు. ఇది నా పడుచుదనంల ముచ్చట. (ఒంటికి యాభై ఎనిమిదేండ్లే అనుకోండి, చదువుకు మాత్రం రెండేండ్లు.) అమీర్‌పేట గల్లీల ముప్పై ఏండ్లు ఆడోళ్ల బట్టలు కుట్టినంక, సాయంత్రం బడికి పోయి రాసుడు నేర్చిన. ఆ రోజుల్ల చేతికి దొరికిన ఏ కాగితమూ నా సంతకం నుంచి తప్పించుకోలే. అట్లాంటి సమయంల పంజాగుట్టల డిజైన్ పని చేసే ఒక పిల్ల దుకాణానికొచ్చింది. కోస్తా పిల్ల, ప్రతి మాటకు గారు తగిలిస్తది. "మాస్టర్ గారూ, ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ చేస్తున్నామండీ. కుట్టు నేర్చుకునేవాళ్లకి ఉచితంగా ప్యాటర్న్‌ల పుస్తకం. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. బ్లౌజ్ పేజీ మీరు రాయండి, పైన మీ పేరుంటుంది" అన్నది. 'మీ పేరుంటుంది' తర్వాత ఆమె ఇంకేం చెప్పిందో నాకు తెల్వది. చాయ్ చల్లారే లోపల గల్లీ అంతటికీ మాత్రం తెలిసింది.

ఆ ప్రాజెక్ట్ గ్రూప్‌ల నలభై మంది. అట్ట రంగు మీద మూడు వారాలు చర్చ నడిచింది. పసుపా, నీలమా అని ఓట్లు సుత పెట్టిన్రు. రాయమంటే మాత్రం అందరూ బొటనవేలు బొమ్మ పంపుతరు. ఆఖరికి కలం పట్టింది కొందరమే: నేను, ఎర్రగడ్డ నుంచి ఒక టైలర్ భాయ్, సనత్‌నగర్ వర్క్‌షాపుల యూనిఫాంలు కుట్టే అక్క, ఇద్దరు కాలేజీ పిల్లలు. నా పేజీ నేను తొమ్మిది రోజులు రాసిన. ఛాతీ ముప్పై ఆరు, దాంట్ల నాలుగో వంతు తొమ్మిది, కుట్టుకు ఒక ఇంచు, మొత్తం పది. దాన్ని ఫోన్‌ల ఎక్కించి, అందరూ సరిచూడున్రి అని పెద్దమనిషి తీరుగ రాసిన. ఎవ్వరూ చూడరనే ధైర్యంతోనే రాసిన.

పుస్తకం అచ్చుకు పోయే ముందు పిల్ల ఒక షరతు పెట్టింది. పేజీల ఉన్నది ఉన్నట్టు కుట్టి చూడాలె, సొంత బుర్ర వాడొద్దు. కుదరకపోతే ఆ పేజీ తీసేసి వేరేవాళ్లతో రాయిస్తరంట. సనత్‌నగర్ అక్క కుట్టింది. పంజాగుట్ట ఆఫీసుల అందరి ముందట ముప్పై ఆరు ఛాతీ బొమ్మకు తొడిగిన్రు. బొమ్మకు తోడు ఇంకొక బక్క బొమ్మ సుత దాంట్ల పట్టేటట్టుంది. గల్లీకి ఏ ముఖం పెట్టుకొని పోవాలె?

"గిదేందక్కా?" అన్న.

"పేజీల పదమూడున్నది, పదమూడు కోసిన. కోసేటప్పుడే నవ్వొచ్చింది. బుర్ర వాడొద్దన్నరు గద!"

పది పదమూడు ఎట్లయిందని నాకు మస్తు కోపమొచ్చింది. "నా పేజీ ఎవరు కెలికిన్రు? బయటికి తియ్యి బిడ్డా! ఈ లెక్క ముట్టినోడి పేరు ఈ పేజీ మీద ఉండొద్దు!" అని టేబుల్ గుద్దిన. (గుద్దుడు అక్షరాల కంటే ముందు నేర్చిన విద్య.)

"చరిత్ర మొత్తం ఉంటుందండీ" అని పిల్ల గోడ మీద తెరకెక్కించింది. ఎర్రగడ్డ భాయ్, అర ఇంచు. "క్యా కరూ మాస్టర్, మీరు కుట్టుకు కలపలేదేమో అనుకున్న" అన్నడు. అక్క, అర ఇంచు. ఆమెకూ అదే అనుమానం. కాలేజీ పిల్లలిద్దరూ చెరొక అర. టైలర్ అన్నోడు ఇంకొక టైలర్ కొలత నమ్మడు. బట్ట తక్కువైతే చేసేదేం లేదు, ఎక్కువైతే లోపలికి కుట్టుకోవచ్చు గద. నేను చెయ్యి ఊపుకుంట, "చూసిన్రా! నాలుగు దొంగ చేతులు!" అన్న. "నాలుగు అరలు రెండే కదండీ, ఇంకొక ఇంచు ఉంది" అని పిల్ల కిందికి జరిపింది. మిగిలిన రెండు అరించుల ముందట ఒక్కటే పేరున్నది. మొత్తం గదిల ఆ పేరు అందరి కంటే ముందు గుర్తుపట్టి చదివింది నేనే.

నా లెక్క మీద నాకే నమ్మకం చాలక, రెండుసార్లు తెరిచి, రెండుసార్లు కలిపిన. అప్పుడు ఎర్రగడ్డ భాయ్ మస్తు మర్యాదగ అడిగిండు: "మాస్టర్, ఇప్పుడు పేరు ఎవరెవరిది తియ్యాలె?"

"అయ్యో, ఉంచేద్దామండీ" అన్నది పిల్ల. నోరు జారినంక వెనక్కి తీసుకునుడు నాకు అలవాటు లేదు. పదమూడు కొట్టేసి పది రాసిన. దాని కింద, 'కుట్టుకు ఇంచు ఇందులోనే ఉంది. దయచేసి ఎవరూ కలపొద్దు' అని నా చేత్తోనే టైపు చేసిన. నా పేరు సుత నేనే తీసేసిన. రాసుడు తొమ్మిది రోజులు పట్టింది, చెరుపుడు ఒక్క నిమిషం. పదికి మళ్ల కుడితే బొమ్మకు కుదిరింది, పేజీ మాత్రం పుస్తకంల నిలిచింది.

మొన్న హాస్టల్ పిల్ల ఒకతె ఫోన్‌ల అదే పేజీ చూపెట్టి, "అంకుల్, దీంట్ల ఉన్నట్టే కోయండి, మీరేం మార్చకండి. ఎవరో మంచి మాస్టర్ రాసిండంట" అన్నది.

"ఎవరంట బిడ్డా?"

"పేరు లేదంకుల్."

ఎట్లుంటది! టేబుల్ గుద్దుకుంట నిలబడ్డ ఆ యాభై ఎనిమిదేండ్ల పిల్లగాడు యాదికొచ్చిండు. మీసాల్ల నవ్వుకొని, టేపు తీసి, ఆమె చెప్పినట్టే కోసిన.