పొట్టి కొలతలతో చిన్ని చదువు

మేడమీద దర్జీ అక్కకు ఉన్న జబ్బు ఒక్కటే, ఓర్వలేనితనం. చిన్నప్పుడు పక్కింటి పిల్ల రిబ్బను తనదానికన్నా పొడుగని ఏడ్చింది. పెళ్ళయ్యాక కింది వాటాలో ఉన్న తోడికోడలి వంటగది కిటికీ పెద్దదని ఏడ్చింది. ఇప్పుడు ఆ తోడికోడలి కూతురు పొట్టి మీద పడింది.

పొట్టీ, దర్జీ అక్క కూతురు చిన్నీ ఒకే క్లాసు. ఈ ఏడే హైస్కూలు చివరి పరీక్షలు. చిన్ని పుస్తకం ముందు కూర్చుందంటే లేవదు, మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా గొంతు బొంగురుపోయేలా చదువుతుంది. పొట్టి కాసేపు చదివి, పుస్తకం మూసి, వీధిలో తిరుగుతుంది. అర్ధసంవత్సరం పరీక్షల్లో మాత్రం పొట్టి క్లాసులో మొదటిది, చిన్నికి సైన్సులో గట్టెక్కడమే గగనమైంది. ఆ మార్కులు విన్ననాడు దర్జీ అక్క చొక్కాకు చేతులు తిరగేసి కుట్టేసింది. వాటిని విప్పుతున్నంతసేపూ తిట్టింది కూతుర్ని కాదు, పొట్టిని. మనసులోనే లెండి.

పొట్టి తల్లిది బట్టలు ఇస్త్రీ చేసే పని. పైన కుట్టినవన్నీ కిందే ఇస్త్రీ అవుతాయి. ఇక పొట్టి ఎలా చదువుతుందో కూపీ లాగడానికి దారి వెతుక్కోనక్కర్లేదు. దర్జీ అక్క చొక్కాలు ఒక్కొక్కటే పట్టుకుని దిగడం మొదలుపెట్టింది.

"అన్నీ ఒకేసారి తేవచ్చుగా అక్కా, మోకాళ్ళు అరిగిపోతాయి" అని తోడికోడలు నవ్వింది.

"నా మోకాళ్ళు నా ఇష్టం."

చూసిందంతా కళ్ళతోనే కొలుచుకొచ్చింది. పొట్టి పాత ప్రశ్నపత్రాలు గడియారం ముందు పెట్టుకుని రాస్తుంది. చదివిన పాఠం మూసి, ఇస్త్రీబల్ల పక్కన నిలబడి తల్లికి చెబుతుంది. నాలుగు రోజులు పోయాక అదే పాఠం మళ్ళీ చెబుతుంది. దర్జీలకు అలవాటైన పని ఒకటుంది. ఒంటికి సరిపోయే పాత చొక్కా ఇస్తే, దాన్ని ఆదిగా పెట్టుకుని కొత్త గుడ్డ కత్తిరిస్తారు. దర్జీ అక్క పొట్టిని ఆదిగా పెట్టుకుని చిన్నిని కత్తిరించసాగింది. పొట్టి కిటికీ పక్కన కూర్చుంటే చిన్నీ కిటికీ పక్కనే. పొట్టి నడుస్తూ చదివితే చిన్నీ నడవాలి. పొట్టి చెవి గోక్కుంటూ లెక్క చేయడం చూసొచ్చి, కిటుకంతా అందులోనే ఉందేమోనని, "చెవి గోక్కోవే" అని కూడా అంది.

పాఠం చెప్పించుకునేటప్పుడు మిషను ఆపి, చేతులు కట్టుకుని కూర్చునేది.

"గుండెకు నాలుగు గదులమ్మా. చెడు రక్తం ముందు... ముందు..."

"పొట్టి ఇలా తడబడుతుందా?"

"కుడివైపు పై గదిలోకి..."

"పొట్టి అయితే గుక్క తిప్పుకోకుండా చెబుతుంది."

వారం తిరక్కుండా చిన్ని నోరు మూతపడింది.

అయితే ఇస్త్రీకి బట్టలు దించే పని మాత్రం చిన్ని తనంతట తానే నెత్తినేసుకుంది. వెళ్తే ఒక పట్టాన రాదు. పొట్టి కిటుకులు ఇంకొన్ని పట్టుకొస్తుందిలే అని తల్లి ఊరుకుంది. చివరి పరీక్షలకు ముందు బడిలో పెట్టిన పరీక్షలో చిన్నికి సైన్సులో ఎన్నడూ రానన్ని మార్కులొచ్చాయి. దర్జీ అక్క కాళ్ళు నేలమీద నిలవలేదు. తోడికోడలి ముఖం ఎలా మాడుతుందో చూద్దామని గబగబా మెట్లు దిగింది.

లోపల చిన్ని, ఇస్త్రీబల్ల పక్కన నిలబడి చేతులు తిప్పుతూ పాఠం చెబుతోంది.

"ఆగాగు," అంది తోడికోడలు ఇస్త్రీపెట్టె ఎత్తిపట్టుకుని. "ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం మళ్ళీ గుండెకెందుకొచ్చింది? అట్నుంచి అటే ఒళ్ళంతా పోవచ్చుగా?"

చిన్ని తెల్లమొహం వేసింది. "అయ్యో పిన్నీ, అది నాకూ తెలీదు!" అని పకపకా నవ్వి, పుస్తకం తీసి చూసి, మూసి, మళ్ళీ చెప్పింది.

దర్జీ అక్క గుండె కలుక్కుమంది. మార్కుల మీది కుళ్ళు దీని ముందు ఏపాటిది? ఆ నవ్వు తన గదిలో ఎప్పుడు విన్నదో ఆమెకు గుర్తు రాలేదు.

"నీకో కూతురుంది, చాలదా? నాదాన్ని కూడా లాక్కుంటావా?" అని విరుచుకుపడింది.

తోడికోడలు బిత్తరపోయింది. "నేనేం లాక్కున్నానక్కా? అది చెబుతోంది, నేను వింటున్నా. నాకు అందులో ఒక్క ముక్క తెలీదు."

"పిన్నికి తప్పు చెప్పినా ఏం కాదమ్మా," అంది చిన్ని. "నీకు చెప్తుంటే పాఠం పోయి పొట్టి గుర్తొస్తుంది."

దర్జీ అక్క కూతురి చెయ్యి పట్టుకుని పైకి లాక్కొచ్చింది. ఆ తర్వాత చిన్ని కిందికి వెళ్ళలేదు. వెళ్ళనిస్తేగా! మళ్ళీ అదే బొంగురు గొంతు, అదే మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా.

సైన్సు పరీక్ష రేపనగా మధ్యాహ్నం తల్లి మిషను ఆపింది.

"నాకు చెప్పవే. ఒక్క మాట కూడా అనను, ఒట్టు."

చిన్ని మొదలుపెట్టింది. మధ్యలో తడబడింది. దర్జీ అక్క నిజంగానే ఏమీ అనలేదు, పెదవి కరిచిపట్టుకుంది. కనుబొమలు మాత్రం ఆమె మాట వినలేదు. చిన్ని వాటిని చూసి ఆగిపోయింది. ఎంత బతిమాలినా మళ్ళీ నోరు తెరవలేదు.

కింద ఇస్త్రీపెట్టె బల్లమీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకే దర్జీ అక్క ఒళ్ళు మండింది. అయినా లేచింది. పంపడానికి ఒక్క బట్టా లేదు, కుట్టినవన్నీ ఇస్త్రీ అయి మడతలు పెట్టి ఉన్నాయి. పైనున్న చొక్కా తీసి, రెండు చేతులా నలిపి, ఉండ చుట్టి చిన్ని ఒళ్ళో పడేసింది.

"ఇది ఇస్త్రీ చేయించుకు రా," అంది ముఖం తిప్పుకుని. "పుస్తకం కూడా పట్టుకెళ్ళు. తొందరేం లేదు."