కార్బైడ్ డబ్బా మూత

జగపతి డబ్బా మూత తీసేవాడు. లోపలి కార్బైడ్ రాళ్లను వేళ్లతో కదిపి, వాసన చూసి, మళ్లీ మూత పెట్టేవాడు. చాయ్ తాగే ముందు ఒకసారి. తాగాక ఇంకోసారి.

జనగామ స్టేషన్ దగ్గర అతనిది వెల్డింగ్ దుకాణం. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలప్పుడు చాలా రోజులు మూసి ఉంచి, తెరిచి చూస్తే సుత్తి కూడా మిగల్లేదు. అప్పటి నుంచి ఎవరొచ్చినా ముందు చేతులు చూసేవాడు, తర్వాతే ముఖం.

కార్బైడ్‌కు నీళ్లు తగిలితే గ్యాసు పుడుతుంది. ఆ గ్యాసుతోనే మంట. రోజూ పొద్దున జగపతి స్వయంగా కిలో తూచి పనివాడు ఎల్లస్వామికి ఇచ్చేవాడు. ఆ కిలో సాయంత్రం దాకా వచ్చేది. ముసురు విడవని డెబ్బై ఎనిమిది వానాకాలంలో మాత్రం మధ్యాహ్నానికే మంట ఆరిపోసాగింది.

"కిలో కిలోనే గదరా. మిగిలిన గ్యాసు ఎవని పనికి పోతున్నది?"

"నీ కండ్ల ముందటనే చేస్తున్న గద పటేలా."

"నేను కండ్లు మూసినప్పుడు?"

"నువ్వెప్పుడు మూసినవ్? నిద్రల గూడ ఒకటి తెరిచే ఉంటది."

జగపతి నవ్వలేదు. "రేపటి సంది రాకు" అన్నాడు. ఎల్లస్వామికి చేతికొచ్చిన పని అదొక్కటే. తువ్వాల దులుపుకున్నాడు.

అప్పుడే అన్నం గిన్నె తెచ్చిన కూతురు కమల అంతా విన్నది. ఇంటర్ చదువుతోంది. డబ్బా పైనుంచి తెల్లబడిన పొడి, అడుగు నుంచి గట్టి రాయి తీసి సమానంగా తూచింది. రెండు సీసాల నీళ్లలో వేసి, మూతులకు బెలూన్లు తొడిగింది. రాయి వేసిన సీసా మీద బెలూన్ ఉబ్బింది. రెండోది వాలిపోయి ఉంది.

"ఆ బెలూన్‌కు తూటు ఉన్నదేమో. మార్చి పెట్టు" అన్నాడు జగపతి.

మార్చి, మళ్లీ వేసి చూపించింది. అదే జరిగింది.

"బాపు, అరవై నాలుగు గ్రాముల కార్బైడ్ అంటే ఒక మోల్. దానికి ఒక మోల్ గ్యాసు, ఇరవై రెండు లీటర్ల పైన వస్తది. తేమ తాకితే ఆ గ్యాసు ముందే గాలిల కలుస్తది. డెబ్బై నాలుగు గ్రాముల సున్నం మిగులుతది. బరువు పెరుగుతది, మంట రాదు."

"తేమ లోపటికి ఎట్ల పోయింది? ఎవడు తెరిచిండు?"

కమల డబ్బా దిక్కు చూసింది. ఎల్లస్వామి కూడా అటే చూశాడు. జగపతి చెయ్యి అప్పటికీ మూత మీదనే ఉంది.

మర్నాడు పొద్దున జగపతి ఎల్లస్వామి ఇంటి ముందు నిలబడి, "నడువ్, పనికి పొద్దువోతున్నది" అన్నాడు. దుకాణంలో మూతకు గ్రీసు పూసి బిగించమన్నాడు. బిగించే దాకా పక్కనే ఉన్నాడు. ఆ తర్వాత వంగి, మూత తీయకుండానే వాసన చూశాడు.