కారులో పట్టిన గొడుగు

కారుకు పైకప్పు ఎందుకు? ఎండ తగలకుండా, వాన పడకుండా. ఇంతమాత్రం తెలియడానికి బడికి పోనక్కరలేదు, నేను పోలేదు. అయినా ఉన్న పైకప్పును కోసి, విప్పి పెట్టుకునే రెండు అద్దాలు బిగించిన మహానుభావుడెవడో ఉన్నాడు. అలాంటి పాత కారొకటి చేతులు మారి మారి సిరోంచకు, మా తమ్ముడి కొడుకు దగ్గరికి చేరింది.

ఎండాకాలం అందులో కూర్చుంటే పెనం మీద రొట్టె గతే మనకూ. అద్దాలు విప్పితే డిక్కీ అంతా వాటికే. సంచులు మన ఒళ్లో. బిగిస్తే గుంతగుంతకూ గడగడ. చుట్టూ ఉన్న రబ్బరు ఎండి మడమల్లా పగిలింది. కొత్తది ఎక్కడా దొరకలేదు. మావాడు ఏం చేశాడు? పగిలిన మడమలకు మేం రాసేదే దానికీ రాశాడు, ఇప్పనూనె! రోజూ పట్టించాడు. రబ్బరు మెత్తబడి, ఉబ్బి, గాడిలోంచి బయటికొచ్చింది.

మంచిర్యాలలో నా భార్యకు కంటి ఆపరేషన్ అయింది. కంట్లో నీటిచుక్క పడకూడదని డాక్టరు మరీమరీ చెప్పాడు. ఎడమకన్ను ఆమెకు చిన్నప్పుడే పోయింది. ఉన్నది ఇదొక్కటే. ఇంటికి బస్సులో పోదామన్నాను.

"బస్సుల దుమ్ము కొడ్తది పెద్దబాపు. పెద్దమ్మను నా కార్ల రాణి లెక్క తీస్కపోత" అన్నాడు మావాడు.

ప్రాణహిత వంతెన ఎక్కామో లేదో, వాన. అద్దాలు రెండూ కలిసేచోటు నుంచి ధార, సరిగ్గా ఆమె నెత్తి మీదికి. పక్కకు జరిపితే అక్కడా కారింది.

"ఏందిరా ఇది?"

"జర ఆగు పెద్దబాపు, నూనె పట్టిచ్చిన గదా, అతుక్కుంటది."

"నీ నూనె మన్నుగాను! బండి మెల్లగ తోలు!"

నా గొడుగు సగం విప్పి ఆమె తలకు అడ్డం పట్టాను. దాని మీద పడ్డ నీళ్లన్నీ నా మెడలోకే. చెయ్యి గుంజుతున్నా దించలేదు. సిరోంచ బస్టాండు దగ్గర చాయ్ తాగేవాళ్లు మమ్మల్ని చూడనే చూశారు.

"ఓ కాకా! కార్ల గొడుగేంది? వాన బయట పడ్తున్నదా, బండ్ల పడ్తున్నదా?"

ఇంటికొచ్చాక ముందు ఆమె కంటి కట్టు చూశాను. తడవలేదు. అప్పుడుగానీ నా చొక్కా పిండుకోలేదు.

మావాడు తల తుడుచుకుంటూ, "మళ్ల చూపిచ్చుకునేందుకు ఎప్పుడు పోదాం పెద్దమ్మా?" అన్నాడు.

"నేను బస్సుల పోత కొడుకా. దానికి పైన రేకున్నది" అంది.

వాడికి కోపమొచ్చింది. రానీ.