అల్లుడి మీద సాక్ష్యం

చిన్న విమానాల షెడ్డులో ఆయన్ని అందరూ అంగుళం మేస్త్రి అనేవారు. బోల్టు బిగించినా, బల్లమీద టీ కప్పు పెట్టినా కొలిచినట్టే ఉండాలి. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఒక్క మాట పడలేదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేవాడు. ఆ గొప్పే కూతురి కొంప ముంచింది.

అక్కడ ఒక పాత విమానానికి పెట్రోలు చూపించే ముల్లు ఎప్పుడో మొరాయించింది. బాగుచేయించే నాథుడు లేడు. గాట్లు పెట్టిన కర్రపుల్లని ట్యాంకులో ముంచి, ఎంతవరకు తడిసిందో చూసి పైలట్ అంకె పైకి చదివేవాడు, మేస్త్రి సరేననేవాడు. కాగితం మీద రాసే అలవాటు లేదు. ఒకరోజు పుల్ల అడుగున రెండంగుళాలు విరిగిపోయింది. మేస్త్రి కొత్త పుల్ల చెక్కి, విరిగినదాన్ని పక్కన పెట్టుకుని, రెండింటి అడుగులూ కలిపి గాట్లు దించేశాడు. పోయిన ముక్కని కూడా లెక్కలోకి తీసుకోవాలన్న ఇంగితం ఆ మహానుభావుడికి తట్టలేదు. దాంతో కొత్త పుల్ల ఉన్నదానికంటే ఎక్కువ పెట్రోలు చూపించింది.

మర్నాడు పొద్దున్న దాన్ని ముంచి చూసుకుని బయల్దేరిన పైలట్ ఆయన సొంత అల్లుడే. దారిలో పెట్రోలు అయిపోయి విమానం పొలాల్లో కూలింది. అల్లుడూ, ముగ్గురు ప్రయాణికులూ పోయారు. కబురందిన గంటలోనే మేస్త్రికి సంగతి అర్థమైంది. ఏడుస్తూనే ఆ పుల్లని పొయ్యిలో పెట్టాడు.

పెట్రోలు చూసుకోకుండా ఎగిరాడని కంపెనీ తప్పంతా పోయినవాడి నెత్తిన రుద్దింది. మొగుడి పేరు నిలబెట్టాలని కూతురు కోర్టుకెక్కింది. నలుగురూ నానా మాటలూ అంటున్నా ఏడాదిపాటు ఒంటరిగా పోరాడింది. ఆ ఉదయం చూసిన సాక్షి ఒక్కడే, ఆమె తండ్రి.

పైలట్ పుల్ల ముంచి చూశాడా అని జడ్జి అడిగాడు. చూశాడంటే పుల్ల సంగతి బయటికొస్తుంది, జైలు తప్పదు.

"లేదండి. నేను చెప్పినా వినలేదు," అన్నాడు మేస్త్రి. ఆ రెండో మాట ఎవరూ అడగలేదు. సిగ్గులేని మనిషి, తనే కలిపాడు.

పైలట్ నిర్లక్ష్యమేనని తీర్పొచ్చింది. కూతురు తండ్రిని ఇంటికి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"ఎంతమంది అన్నా నమ్మలేదు నాన్నా. నువ్వు నాతో అబద్ధం చెప్పవుగా," అంది. "ముగ్గుర్ని చంపిన మనిషి ఫొటో చూసుకుంటూ ఏడాది బతికాను. అది తీసెయ్. నాకు చేతులు రావట్లేదు."

మేస్త్రి కుర్చీ ఎక్కి అల్లుడి ఫొటో దింపి, ఎక్కడ పెట్టమంటావని కూతుర్ని అడిగాడు.