తాత ఒడిలో చెప్పిన మాట

నా చిన్నప్పుడు మా తాత మగ్గం దరిదాపులకు పిల్లలం ఎవరమూ పోయేవాళ్లం కాదు. ఆయన కోపానికి మా బాపు కూడా గోడవారగా నడిచేవాడు. నాకు చనువున్నది మా చిన్నత్త దగ్గరే. బాపుకు చెల్లెలు, పెళ్లీడుకొచ్చిన పిల్ల. నాకు తల దువ్వినా, అన్నం కలిపి పెట్టినా ఆమే.

మాది నేతపని. నూలుకు రంగు వేసే ముందు, రంగు పట్టకూడని చోటల్లా పాత సైకిల్ ట్యూబు పీలికలు బిగించి కట్టాలి. ఆ ట్యూబుల కోసం చిన్నత్త నన్ను వెంటబెట్టుకుని సడక్ మీది సైకిల్ దుకాణానికి పోయేది. ఆ దుకాణం అతనిది ఊరవతలి వాడ. మా ఇళ్లల్లో అతనికి దాహమైతే దోసిట్లో పైనుంచి పోసేవాళ్లు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు పట్టేది కాదు. అత్త మాత్రం నవ్వేది. ఇంట్లో ఆమె అట్లా నవ్వగా నేను చూడలేదు.

ఇంట్లో చీరకు సరిపోయే ట్యూబులు ఉండగానే అత్త మళ్లీ పోయేది. అవి మూలన కుప్ప పడ్డాయి. నలభై ఏళ్లు నేసిన మనిషి కంటికి అది ఆనకుండా ఉంటుందా?

ఒక మధ్యాహ్నం తాత నన్ను పిలిచాడు. మగ్గం దగ్గర ఒడిలో కూర్చోబెట్టుకుని, నాడె నా చేతికిచ్చి, నా చెయ్యి పట్టుకుని నేయించాడు. నాడె దారం లాక్కుంటూ అటూ ఇటూ ఉరుకుతుంటే నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. అప్పుడడిగాడు, ఎంతో మెత్తగా.

“సైకిల్ దుకాణంకాడ అత్త శానసేపు కూసుంటదా బిడ్డా?”

“ఆ తాతా. గాయన అత్తకు గాజులు గూడ కొనిచ్చిండు.”

తాత ఇంకో నాలుగు పోగులు నేయించి, నా నెత్తి నిమిరి దించాడు.

పొద్దుగూకకముందే బాపు, ఇద్దరు పాలివాళ్లు కట్టెలు పట్టుకుని దుకాణానికి పోయారు. చంపాలని పోలేదని మా అమ్మ చచ్చేదాకా అంటూనే ఉంది. కానీ చంపే వచ్చారు. బాపును జైల్లో వేశారు.

“ఎవలు చెప్పిండ్రు నాయినా?” అని అత్త అడిగింది. తాత నా వైపు చెయ్యి చూపించాడు. అత్త ఆ పూట కూడా నాకు అన్నం కలిపి పెట్టింది. కొట్టినా బాగుండేది. మూడోనాడు ఇల్లు విడిచిపోయిన మనిషి మళ్లీ మా కంటికి కనబడలేదు. బాపును కన్న మా అవ్వ ఆనాటి నుంచి తాతకు తన చేత్తో అన్నం వడ్డించలేదు. పని చేసే చేతులు చాలక మగ్గం తెగనమ్ముకున్నాం. తాత పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా కూడా లేదు.

నా మనవరాలు ఇప్పుడు చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో పనిచేస్తోంది. తన మనసులో ఉన్న పిల్లవాడెవరో, వాళ్లది ఏ కులమో నాకొక్కదానికే చెప్పింది. మొన్న నా కొడుకు, ఎన్నడూ లేనిది, నా కాళ్లు ఒత్తుతూ కూర్చున్నాడు.

“అమ్మా, పిల్ల నీకు అన్ని చెప్తది గద. ఎవనితోనన్న తిరుగుతాందా?”

నా కడుపున పుట్టినవాడే. అయినా ఆ గొంతులో మెత్తదనం నేను మగ్గం దగ్గర ఒకసారి విన్నదే.

“నాకేం ఎరుక కొడుకా” అన్నాను.

అరవై ఏళ్ల కింద ఆడాల్సిన అబద్ధం అది.