అన్ని ఆటలూ ఓడిన ఏడాది మా మేస్టారు

మా మేస్టారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున్న కుండీల్లో మొక్కలకి నీళ్ళు పోస్తుంటే తుని నుంచి సత్తిబాబు ఫోన్ చేశాడు. ఎప్పుడూ "ఏరా, లేచావా?" అంటూ మొదలుపెట్టేవాడు ఆ రోజు నేరుగా సంగతిలోకి వచ్చాడు. "మేస్టారు వెళ్ళిపోయారురా. తెల్లారగట్ల, నిద్రలోనేనట. అమ్మగారు కబురు చేయించారు. నేను రైలెక్కుతున్నాను. నువ్వు జాన్‌కి చెప్పు" అన్నాడు.

మర్నాడు పేపర్లో జిల్లా పేజీ అడుగున నాలుగు లైన్లు వేశారు. పంచదార ఫ్యాక్టరీ విశ్రాంత ఉద్యోగి, చెరకు యార్డులో సూపర్‌వైజరుగా పనిచేశారు, వయోభారంతో కన్నుమూశారు అని. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఆయన చెరకు యార్డులోకి ఎలా వచ్చారన్నది ఆ నాలుగు లైన్లలో పట్టే సంగతి కాదు. మాలాంటి కొద్దిమందికే అది తెలుసు. మాకూ వయసు మీద పడుతోంది కనుక రాసి పెడుతున్నాను.

డెబ్భైల చివర్లో కొవ్వూరు వైపు ఒక పంచదార ఫ్యాక్టరీకి బాస్కెట్‌బాల్ జట్టు ఉండేదంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. యజమానుల్లో పెద్దాయన మద్రాసులో చదువుకునే రోజుల్లో ఆ ఆట ఆడేవారట. ఆ సరదాతో ఆఫీసు వెనక సిమెంటు కోర్టు వేయించి, పెద్దాపురంలో ఒక హైస్కూల్లో డ్రిల్లు మేస్టారుగా ఉన్న ఈయన్ని మంచి జీతం మీద కోచ్‌గా తెచ్చుకున్నారు. ఆటగాళ్ళకి ఫ్యాక్టరీలో టెంపరరీ ఉద్యోగాలిచ్చారు. ఉద్యోగం పేరుకే, ఆడటమే మా పని. ఏటా ఆర్డరు పొడిగిస్తే ఉంటాం, లేకపోతే లేదు.

నేను ఆయన కంట్లో పడింది చెరకు బండి మీద. నాన్నతో కలిసి మా తోట చెరకు తోలుకొచ్చి కాటా దగ్గర నిలబడ్డాను. తెల్ల చొక్కా, మెడలో విజిలు వేసుకున్న ఒకాయన మా బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఏదీ బాబూ, దిగి ఆ చూరు అందుకో" అన్నారు. కాటా గది రేకుల చూరు అది. ఎగరకుండానే అందింది. ఆయన మొహం వెలిగిపోయింది.

నాన్నకి కంగారు పుట్టింది. "ఏంటండీ, మావాడితో మీకేం పని?"

"ఉద్యోగం ఇప్పిస్తానండి. బుట్టలో బంతి వెయ్యాలి."

"బుట్టలో బంతి వేస్తే జీతమా అండీ?" అని నాన్న చుట్టూ చూశారు, ఎవరైనా నవ్వుతున్నారేమోనని. "మరి బంతి పడకపోతేనో?"

"పడకపోయినా ఇస్తారండి, కొన్నాళ్ళు" అన్నారు మేస్టారు. ఆ మాటలో నిజమెంతో ఆ తర్వాత తెలిసింది.

మొదటి రెండేళ్ళు బాగా ఆడాం. కాకినాడలో ఒకసారి, ఏలూరులో ఒకసారి కప్పు కూడా తెచ్చాం. మూడో ఏడు మొదలవకుండానే మాలో మేటి ఆటగాళ్ళిద్దరికీ రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగాలొచ్చాయి. బ్యాంకుకీ జట్టుంది. వాళ్ళు వెళ్ళిపోతుంటే మేస్టారు మిఠాయి పొట్లాలు కొనిచ్చి బస్సు ఎక్కించారు. మిగిలినవాళ్ళలో పొడుగు చెప్పుకోవాలంటే నేనూ, నరసాపురం జానూ. తుని నుంచి వచ్చిన సత్తిబాబు మా భుజాల దాకా కూడా వచ్చేవాడు కాదు. కాళ్ళల్లో మాత్రం గాలి ఉండేది వాడికి.

మా ఫ్యాక్టరీలో సీజన్ అంటే చెరకు ఆడే కాలం. చలి మొదలైన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా గానుగ ఆగదు. టోర్నమెంట్లూ ఆ నెలల్లోనే. ఆ ఏడు మొదటి ఆట తునిలోనే ఓడాం, సత్తిబాబు వాళ్ళ నాన్నగారు కిరాణా కొట్టు కట్టేసి మరీ చూడ్డానికి వస్తే. ఆ తర్వాత కాకినాడలో, భీమవరంలో, అమలాపురంలో. ఎక్కడికి వెళ్ళినా అదే వరస. ఒకచోట కాలేజీ పిల్లల చేతిలో కూడా ఓడిపోయాం.

ఫ్యాక్టరీలో మొహం చూపించడం కష్టమైపోయింది. క్యాంటీన్లో టీ గ్లాసు పట్టుకోగానే ఎవడో ఒకడు, "ఎంత తేడాలో పోయిందండి ఈసారి?" అనేవాడు. యూనియన్ లీడరు మాకు వినపడేలాగే అన్నాడు: "మేం రేయింబవళ్ళు చెరకు ఆడుతుంటే వీళ్ళు బంతి ఆడుతున్నారు. ఇద్దరికీ జీతాలే."

మేస్టారు మాత్రం ఓడిన ఆటకి మమ్మల్ని ఒక్క మాట అనేవారు కాదు. ఒక్క విషయంలోనే పట్టుదల. బహుమతులు ఇచ్చేదాకా కదలనిచ్చేవారు కాదు. గెలిచినవాళ్ళు కప్పు అందుకుంటుంటే మేం వరసగా నిలబడి చప్పట్లు కొట్టాలి. జాన్ ఒకసారి చెమట తుడుచుకుంటూ బస్సు వైపు నడిస్తే వెనక్కి పిలిచారు. "మనం వెళ్ళిపోతే వాళ్ళు ఎవర్ని గెలిచినట్టురా? ఉండు, కొట్టు చప్పట్లు" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆఖరి సీట్లో కూర్చుని వేయించిన వేరుశెనక్కాయలు ఒలిచి, గింజలు ముందుకి పంపేవారు. సీటు సీటుకీ చేతులు మారుతూ అవి డ్రైవరు దాకా వెళ్ళేవి.

ఫ్యాక్టరీ క్వార్టర్సులో వాళ్ళిల్లు. పొద్దున్న ప్రాక్టీసు కాగానే అందరికీ అక్కడే టిఫిను. మేస్టారి భార్యని మేం అమ్మగారనేవాళ్ళం. పెసరట్లు వేస్తూ, "దెబ్బలేమన్నా తగిలాయా?" అని అడిగేవారు. ఆటేమయిందని ఎప్పుడూ అడగలేదు. ఒకరోజు సత్తిబాబు ఉండబట్టలేక, "మళ్ళీ ఓడిపోయామండీ అమ్మగారూ" అన్నాడు. ఆవిడ అట్టు తిరగేస్తూ, "తెలిసింది నాన్నా. అల్లప్పచ్చడి వేసుకో" అన్నారు.

ఆ ఏడే ఆయనొక కొత్త పద్ధతి పెట్టారు. అంతకుముందు మధ్యాహ్నాలు మాకు విశ్రాంతి. ఇప్పుడు భోజనం కాగానే మమ్మల్ని తలో డిపార్ట్‌మెంటుకీ పంపడం మొదలుపెట్టారు. నన్ను లేబరేటరీకి, రసం శాంపిళ్ళు పట్టి అందులో తీపి ఎంతుందో చూడ్డానికి. జాన్‌ని బాయిలర్ల దగ్గరికి. సత్తిబాబుని కరెంటు పని నేర్చుకోమన్నారు. సాయంత్రం మళ్ళీ కోర్టు.

మాకు నచ్చలేదు. సత్తిబాబు అడిగేశాడు. "మమ్మల్ని ఆడ్డానికి కదండీ తీసుకున్నారు? ఆ టైములో ప్రాక్టీసు చేస్తే ఒక్కటన్నా గెలుస్తాం కదా?"

మేస్టారు బంతికి గాలి కొడుతున్నారు. పంపు ఆపలేదు. "గెలుస్తామేమోరా. కాని నువ్వు ఫ్యూజు వెయ్యడం నేర్చుకున్నావా లేదా?"

"నేర్చుకున్నానండి."

"అయితే రేపు మోటారు విప్పడం చూసిరా."

చేసేది లేక వెళ్ళాం. మొదట్లో విసుగే. పోను పోను, ఓడిన మర్నాడు లేబరేటరీలోకి వెళ్ళడం నాకు హాయిగా ఉండేది. అక్కడ గాజు గొట్టంలో రసం నిలిచిన గీత చదివి చెబితే చీఫ్ కెమిస్టుగారు "ఊఁ" అని రాసుకునేవారు. ఆ ఏడు నా చేతుల్లో సరిగ్గా జరుగుతున్న పని అదొక్కటే.

ఆఖరి ఆట రాజమండ్రిలో, ఆ బ్యాంకు జట్టుతో. మా పాత నేస్తాలిద్దరూ అవతల. జనం బాగా వచ్చారు, మేం చిత్తుగా ఓడటం చూద్దామనే వచ్చారనుకుంటాను. ఏడాదంతా ఆట మొదలయ్యే ముందు మేస్టారు గుండ్రంగా నిలబెట్టి, ఎవరెవర్ని కాపు కాయాలో చెప్పి, చివర్న "ఆడండి" అనేవారు. ఆ రోజూ గుండ్రంగా నిలబెట్టారు. ఒక్కొక్కళ్ళ మొహం చూశారు. జాన్ బనీను మడత పడితే లాగి సరిచేశారు. "ఇంక నేను చెప్పేదేం లేదర్రా. ఇవాళ ఆడుకోండి" అన్నారు.

ఆడండి కాదు, ఆడుకోండి. తేడా ఆ క్షణంలో మాకు పట్టలేదు గాని కాళ్ళకి పట్టినట్టుంది. నా జీవితంలో అంత తేలిగ్గా ఎప్పుడూ పరిగెత్తలేదు. సత్తిబాబు వాళ్ళ పొడుగాళ్ళ చంకల కిందనుంచి దూరిపోయి బంతి అందిస్తున్నాడు, జాన్ వేస్తున్నాడు. సగం ఆట అయ్యేసరికి మేమే ముందున్నాం. జనం మావైపు తిరిగిపోయారు. గోదావరి మీదనుంచి వచ్చే గాలికి రింగుల వలలు ఊగుతున్నాయి. మేస్టారు అలవాటుగా విజిలు నోట్లో పెట్టుకుని అలాగే నిలబడ్డారు.

చివర్లో వాళ్ళు అందుకున్నారు. ఒక్క బుట్ట ముందుకి కూడా వెళ్ళారు. ఆఖరి బంతి సత్తిబాబు చేతికొచ్చింది. వేశాడు. రింగు మీద ఒక చుట్టు తిరిగి బయట పడింది.

సత్తిబాబు అక్కడే సిమెంటు మీద కూర్చుండిపోయాడు. మేస్టారు కోర్టులోకి నడిచి వచ్చి వాడి పక్కనే, ఇస్త్రీ ప్యాంటుతో, కింద కూర్చున్నారు. వాడి వీపు మీద చెయ్యి వేసి ఉంచారు. బ్యాంకు జట్టులో ఉన్న మా నేస్తాలిద్దరూ కూడా వచ్చి కూర్చున్నారు. చప్పట్లు మొదలయ్యాయి. కప్పు ఇవ్వడం ఇంకా మొదలు కాలేదు. జనం కొడుతున్నది మాకేనని తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

ఆ వారంలోనే మేనేజరుగారు పిలిచి జట్టు తీసేస్తున్నట్టు చెప్పారు. పెద్దాయన వ్యాపారం పిల్లలకి అప్పజెప్పేశారు, పిల్లలకి ఈ ఆట పట్టదు. మా ఆర్డర్లు పొడిగించరు. గదికి వచ్చి పెట్టెలు సర్దుకోవడం మొదలుపెట్టాం. నాన్నకి ఏం చెప్పాలో తెలియక నేను తువ్వాలు మడతపెట్టి విప్పి మళ్ళీ మడతపెడుతున్నాను.

మర్నాడు లేబరేటరీ నుంచి కబురొచ్చింది. చీఫ్ కెమిస్టుగారు మేనేజరు దగ్గరికి వెళ్ళి, "ఆ అబ్బాయిని తీసేస్తే నా షిఫ్టు నడవదండి. నాకు కావాలి" అన్నారట. బాయిలర్లవాళ్ళు జాన్ కోసం అలాగే పట్టుబట్టారు. మేస్టారు అంతకుముందే డిపార్ట్‌మెంటు డిపార్ట్‌మెంటుకీ తిరిగి, "మీకు పనికొస్తాడనిపిస్తేనే అడగండి, నా మొహం చూసి వద్దు" అని చెప్పి వచ్చారట. జట్టులో ఇంచుమించు అందరం అలా నిలిచిపోయాం.

అమ్మగారు ఆ సాయంత్రం మాకు కాఫీలిస్తూ అసలు సంగతి చెప్పారు. "ఆయనకి దీపావళికే తెలుసర్రా. ఇదే ఆఖరేడు, బయట పెట్టొద్దన్నారట మేనేజరుగారు. ఇంటికొచ్చి అన్నం తినలేదు ఆ పూట. పిల్లలకి ఆట తప్ప ఏమీ రాదే అంటారు, అదే మాట."

"మరి మేస్టారి సంగతేంటండీ?" అన్నాడు జాన్.

ఆవిడ లోపలికి చూశారు. మేస్టారు పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు. కోచ్ పోస్టే లేకుండా పోయింది. పెద్దాపురం స్కూల్లో ఆయన జాగాలోకి వేరే మేస్టారు వచ్చేశారు. మా అందరి కోసం తిరిగినాయన తన కోసం ఎవర్నీ అడగలేదు. చివరికి మేనేజరుగారే పిలిచి చెరకు యార్డులో, అంతకు ముందుకంటే చిన్న ఉద్యోగం ఇస్తే సరేనన్నారు. ఎండలో టోపీ పెట్టుకుని బండ్లని వరసలో నిలబెట్టే పని. రిటైరయ్యేదాకా అదే చేశారు. మా నాన్న చెరకు తోలుకొచ్చినప్పుడల్లా బండి దిగి ఆయనకి దణ్ణం పెట్టేవారు. "ఎందుకండీ బాబూ, ముందు బండి కదపండి, వెనక జనం ఉన్నారు" అని విసుక్కునేవారు మేస్టారు.

సత్తిబాబుకి మాత్రం కుదర్లేదు. కరెంటు డిపార్ట్‌మెంటులో ఖాళీ లేదు. ఇంటికి వెళ్ళడానికి వాడికి మొహం చెల్లక రెండు రైళ్ళు వదిలేశాడు. అది తెలిసి మేస్టారు సెలవు పెట్టి వాడితో తుని వెళ్ళారు. ఇది సత్తిబాబు చెబుతుండగా మేం చాలాసార్లు విన్నాం. కొట్లో బేరాలు సాగుతున్నాయి. మేస్టారు ముందు మెట్టెక్కి, "మీవాడు తప్పు చేసి రాలేదండి. జట్టే లేకుండా పోయింది. చివరి దాకా పరిగెత్తింది వీడేనండి" అన్నారట. వాళ్ళ నాన్నగారు కందిపప్పు తూస్తూ తూస్తూ తలెత్తి కొడుకుని చూశారు. "చూశానండి. రాజమండ్రి వచ్చాను ఆ రోజు, వెనకాల నిలబడ్డాను" అన్నారట. తర్వాత, "లోపలికి రండి, భోజనం చేసి వెళ్దురు గాని" అని గల్లాపెట్టె దగ్గర కొడుక్కి చోటిచ్చి లేచారు. సత్తిబాబు ఇప్పటికీ ఆ కొట్లోనే ఉన్నాడు. ఇప్పుడు దానికి రెండంతస్తులు.

మంగళవారం మధ్యాహ్నానికి ముగ్గురం కొవ్వూరు చేరుకున్నాం. అమ్మగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. మా మొహాలు చూసి, "తిన్నారా అర్రా?" అన్నారు. జాన్ అప్పుడు ఏడ్చాడు.

గోదావరి గట్టు దాకా వ్యాను ఉంది. వ్యాను నిలిపిన రోడ్డు దాకా సందులోంచి మోసుకెళ్ళాలి. మేం మోస్తామన్నాం. మీ వల్ల కాదేమోనండి అని మనవడు మొహమాటపడ్డాడు గాని, అమ్మగారు తలూపితే ఊరుకుని నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. ముందు కొమ్ము సత్తిబాబూ నేనూ, వెనక కొమ్ము జానూ మేస్టారి తమ్ముడి కొడుకూ ఎత్తుకున్నాం. ఎత్తగానే పాడె సత్తిబాబు వైపు ఒరిగింది. నేను మోకాళ్ళు వంచాను. వెనక జాన్ ఊపిరి బరువుగా వినపడింది, వాడూ వంగాడని తెలిసింది. సత్తిబాబు మడమలెత్తి వేళ్ళ మీద నడుస్తున్నాడు. అలాగే, సగం వంగి కొందరం, సగం లేచి ఒకడు, సందు చివరిదాకా వెళ్ళాం. రోడ్డు మీద చెరకు లోడు లారీ ఒకటి మా కోసం ఆగింది. వ్యానులో దించి చూస్తే, ఆయన గుండెల మీద పోసిన బంతిపూలు పోసినట్టే ఉన్నాయి.